స్కందగిరి నుంచి చందమామ దాటి

మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున స్కందగిరి శిఖరం మీద నిలబడితే చిక్కబళ్లాపురం కనిపించదు. ఊరు లేదు, చెరువులు లేవు, ద్రాక్ష తోటలు లేవు. కొండ అంచు మొదలుకొని దిగంతం దాకా తెల్లతెల్లని, మెత్తమెత్తని, సవ్వడే లేని సముద్రమొకటి అలలు అలలుగా పరుచుకుని ఉంటుంది. అందులోంచి అక్కడక్కడా నల్లని కరకు రాతిగుండ్లు తలలెత్తి ద్వీపాలవుతాయి. తూర్పున, చింతామణి దిక్కున, బూడిదరంగు కరిగి లేత ఊదా అవుతుంది, ఊదా కరిగి కుంకుమ అవుతుంది. ఆ వేళ అందరూ అటే చూస్తారు. ఒక్కసారి పడమటికి తిరిగి చూడండి. నేలను ఆనుకుని నీలి బూడిదరంగు పట్టీ, దాని మీద గులాబి రంగు పట్టీ. కిందిది భూమి నీడ. ఇంత పెద్ద భూగోళం తన నీడను తన గాలి మీదే వేసుకుని, సూర్యుడు పైకి వచ్చేకొద్దీ దాన్ని మెల్లమెల్లగా దించుకుంటుంది. తొలి కిరణం తాకగానే ఆ మంచు అలల శిఖరాలు ఒక్కొక్కటే బంగారు పూత పూసుకుంటాయి.

రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల మీదుగా జారి పల్లంలో చేరుతుంది. చెరువుల తడి అందులో కంటికానని బిందువులై తేలుతుంది. దాని పైన నిలిచిన కాస్త వెచ్చని గాలి దాన్ని పైకి లేవనివ్వదు. ఆ మంచు సముద్రం పైకి లేవకుండా పరుచుకునేది అందుకే. నిజానికి ఈ మంచు లేని రోజున కూడా మనం గాలి సముద్రం అడుగునే ఉన్నాం. ఈ పక్కనే ఉన్న నంది కొండ ఎత్తు 1478 మీటర్లు. అక్కడ నిలబడినవారి పాదాల కిందికి భూమి గాలిలో దాదాపు ఆరో వంతు దిగిపోయి ఉంటుంది. మిగిలిన అయిదు వంతులూ నడినెత్తి మీద.

ఈ గాలిలో ఏముందో చూడాలంటే బాగేపల్లి చెనిక్కాయ చేలోకి దిగాలి. పూత మీదున్న మొక్కనొకదాన్ని నిదానంగా పెకలించి, వేళ్లకంటిన ఎర్రమట్టి దులిపితే, వేరు వేరుకూ ఆవగింజలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత నెత్తురు ఛాయ. మన రక్తాన్ని ఎర్రబరిచే హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమే ఆ రంగు. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. రెండేసి పరమాణువులు విడదీయరానంత గట్టిగా పెనవేసుకుని, ప్రాణికోటి మధ్యే తిరుగుతూ ఎవరికీ అందకుండా ఉంటాయి. ఆ పెనవేతను మెరుపులు విప్పుతాయి. ఈ గులాబి గదుల్లో కాపురముండే బాక్టీరియా, ఏ చప్పుడూ లేకుండా, మట్టి చీకట్లో విప్పుతుంది. ప్రాణవాయువు 21 పాళ్లు. దేనితోనూ కలవని ఆర్గాన్ ఒక పాలుకు కాస్త తక్కువ. బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు కొంచెం ఎక్కువ, అంతే. చిక్కబళ్లాపురం ద్రాక్ష తీపంతా, చింతామణి రాగికంకుల బరువంతా ఆ చిటికెడు వాయువులోంచి దిగివచ్చినవే!

వేసవి నడుమ, మట్టి పగిలి, ఆకు కదలని మధ్యాహ్నాన మోడం పుడుతుంది. మొదట కొండ భుజం మీద చిన్న తెల్లని తునక. చూస్తుండగానే అది ఉబ్బి, పొంగి, గోపురం మీద గోపురమై, వెండి అంచులతో, సీసపు నీలి కడుపుతో ఆకాశాన్ని ఆక్రమిస్తుంది. 16, 17 కిలోమీటర్ల ఎత్తున దాని దారి ఆగిపోతుంది. అక్కడ చలి సున్నాకు 80 డిగ్రీలు దిగువ. గాలిలో అన్నిటికన్నా కింది పొర ట్రోపో ఆవరణం; దాని పైకప్పు అది. పైకి పోలేని మబ్బు పక్కలకు విప్పారి పల్చని మంచు రెక్కలు చాస్తుంది. కింద మాత్రం వడగళ్లు. ఒక గడ్డను రెండుగా చీల్చి చూస్తే లోపల తెలుపు ఒక పొర, గాజు ఒక పొర, మళ్లీ తెలుపు; అచ్చం ఉల్లిగడ్డే. మబ్బు కడుపులో దాని ప్రయాణమంతా ఆ పొరల్లో రాసి ఉంటుంది. తోటలను చితక్కొట్టే ఆ మోడాలంటే రైతుకు గుబులు. కానీ పెన్నమ్మ నంది కొండల్లో పుట్టడానికి, బాగేపల్లి పక్కగా చిత్రావతి పారడానికి వానమోడాలే కదా ఆధారం.

ఆ పైది స్ట్రాటో ఆవరణం. మబ్బుల రద్దీ ఉండదు. వింతగా, ఎక్కేకొద్దీ వెచ్చబడుతుంది. అక్కడి ఓజోన్ సూర్యుడి అతినీలలోహిత కిరణాలను తాగి వేడెక్కుతుంది. ఉన్న ఓజోన్ అంతా నేల మీదికి దించి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం! దాన్ని కంటితో చూడగల వేళ ఒకటుంది. నంది కొండ మీద పొద్దు గుంకాక, పడమట నారింజ మసకబారుతుండగా తల పూర్తిగా పైకెత్తండి. నడినెత్తిన చిక్కటి, లోతైన, నెమలికంఠపు నీలం. పగటి నీలం వెలుగు చెదరడం వల్ల వచ్చేది. ఈ సంజె నీలం మాత్రం చాలావరకు ఓజోన్ వడగట్టి ఇచ్చిందేనని 1953లో హల్బర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త తేల్చాడు. ఓజోన్ లేకపోతే అక్కడ పసుపు కలిసిన బూడిదరంగే ఉండేదట. సృష్టిలో ఇంతకన్నా సుకుమారమైన అలంకారం నాకు తెలియదు.

ఆ ఎత్తుల్లోనూ ప్రాణముంది. 2005లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెస్తే, అందులో అంతవరకు ఎవరూ ఎరగని మూడు బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఖగోళవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు.

ఇంకా పైన మీసో ఆవరణం, గాలి అంతటిలో అతి శీతలమైన చోటు దాని అంచు. డిసెంబరు నడిమి రాత్రుల్లో బాగేపల్లి బండల మీద వెల్లకిలా పడుకున్నవారికి జెమినిడ్ ఉల్కలు కనిపించేది ఆ చుట్టుపక్కలే.

వంద కిలోమీటర్లు దాటిన అయనావరణాన్ని కన్ను చూడలేదు. గౌరీబిదనూరు రేడియో టెలిస్కోపు చూస్తుంది. అక్కడి పొలాల నడుమ, తూర్పు పడమరలుగా కిలోమీటరుకు పైగా బారులు తీరిన తీగల స్తంభాలు 34.5 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల కోసం ఆకాశానికి చెవి ఒగ్గాయి. సూర్యుడి ధాటికి పరమాణువులు విడిపోయి ఎలక్ట్రాన్ల మడుగులా నిలిచే ఆ పొర, పాలపుంత నుంచి వచ్చే మరీ పొడుగాటి తరంగాలను వెనక్కి తిప్పి పంపుతుంది. ఈ 34.5 మెగాహెర్ట్జ్ తరంగాలను మాత్రం రానిస్తుంది, వస్తూ వస్తూ వణికిస్తుంది.

మరి గాలి ఎక్కడ ఆగుతుంది? 1972 ఏప్రిల్‌లో అపోలో 16 యాత్రికులు చంద్రుడి మీద నిలబడి, భూమి చుట్టూ హైడ్రోజన్ వెలుగును అతినీలలోహిత కెమెరాతో ఫొటో తీశారు. గాలిని ఏనాడో దాటి వచ్చామనే వారి నమ్మకం. సోహో వ్యోమనౌక పాత కొలతలను తిరగేసి 2019లో శాస్త్రవేత్తలు చెప్పింది వేరు: ఆ హైడ్రోజన్ 6,30,000 కిలోమీటర్ల దాకా ఉంది, చందమామ దూరం 3,84,000. అక్కడ అయిదు ఘన సెంటీమీటర్లకు ఒక పరమాణువు దొరికితే గొప్ప. అయినా అది ఈ భూమిదే. కింద ఆవిరై లేచి, పైన ఎండకు విడిపోయిన నీటి నుంచే ఆ హైడ్రోజన్‌లో చాలా భాగం పుట్టింది.