చేర్యాల పటములు – యువజనుల కర్తవ్యము

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారుల వలన పేరొందినది. ఖద్దరు గుడ్డకు సుద్దమన్నును, చింతగింజల అంబలిని, జిగురును పూసి యారబెట్టి, ఎఱ్ఱని నేలపై కథను వరుసవరుసగా చిత్రించుట వారి కులవిద్య. వెనుకటి పటములు సుమారు 3 అడుగుల వెడల్పును, 30 అడుగులకు మించిన నిడివియు గలవి.

ఇంత నిడివి గోడల యలంకారమునకు గాదు. పటము చెప్పుటకు బుట్టినది. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును పటము విప్పుచు, ఒక్కొక్క ఘట్టమును జూపుచు, పాటతోను మాటతోను వినిపించెడివారు. గౌడులకు, ముదిరాజులకు వేర్వేరు కథకులు గలరు. అక్షర మెఱుగని వారికి తమ వంశము పుట్టుకను, తమ వృత్తి గౌరవమును దెలిపినవి యీ పటములే. పగలు చిన్నచూపునకు లోనైన కులము సైతము పటము విప్పిన రాత్రి కథానాయక మయ్యెడిది. జీర్ణమైన పటమునకు మనుష్యునకు వలె కర్మ జరిపి నీట విడుచు నాచారము గలదన్నచో, దానియెడ వారి భక్తి యెట్టిదో తెలియును.

సినిమాయు టెలివిజనును వచ్చిన పిమ్మట కథకుని పిలుచువారు తగ్గిరి. చిత్రకారుడు బ్రదుకుతెరువునకై పటమును కుదించి, పట్టణముల గోడలకు చిన్న చిత్రములను, చింతగింజల ముద్దతోను రంపపు పొట్టుతోను ముఖాకృతులను చేసి యమ్ముచున్నాడు. ఇది దోషము గాదు. కళ బ్రదికినది దీనివలననే. కాని బొమ్మ మిగిలి కథ నశించినచో, మనకు దక్కునది మూగ పటము. చిత్రకారునకు గిరాకి దొరకినది, కథకునకు దొరకలేదు. కీడంతయు నిచ్చటనే యున్నది.

నేటి యువకుని చేతి సెల్‌ఫోనులో బొమ్మయు మాటయు కలిసియే యున్నవి. పటకథకుడు తరతరములుగా నెరపిన విద్యయు నదియే గదా! కావున యువకులు వృద్ధ కథకుల చెంత గూర్చుండి, పాట నేర్చి, వారి యనుమతితో దానిని పదిలపఱుపవలెను. ఆ కథను లోకమునకు జూపునపుడు కథకుని పేరు చెప్పుటయు, ఆదాయములో భాగ మిచ్చుటయు ధర్మము. ప్రతిఫలము లేని విద్యను కుమారునకు నేర్పుమని యే తండ్రిని గోరగలము?

ఇక గృహస్థులకొక మనవి. చేర్యాల చిత్రమును కొనునపుడు ఇది యే కథలోనిదని యడుగుడు. ఊరి యుత్సవమునకు వేలు వెచ్చించునపుడు ఒక రాత్రి పటకథకుని పిలిచి, తగిన సంభావన నిండు. మీ పిల్లలను ముందు వరుసలో గూర్చుండబెట్టుడు. వినువారున్ననాడే చెప్పువాడుండును.