నూరోవంతు సెకనుతో పందెం
ఈత పోటీ ఎలా జరుగుతుంది?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పిల్లలకు ఈత నేర్పేది బావి. నడుముకు బెండు కట్టుకునో, ఎండు సొరకాయ బుర్ర పట్టుకునో, కారు ట్యూబులో కూర్చునో మొదలుపెడతారు. వేసవి సెలవులు ముగిసేసరికి గట్టుమీదనుంచి దూకి, అడుగు తాకి, మట్టి పిడికిట పట్టుకుని పైకి వస్తారు. అలాంటి మీలో ఒకరిని జిల్లా ఈత పోటీలకు పంపుతామని వ్యాయామోపాధ్యాయుడు అన్నారనుకోండి. ఇంట్లో అందరికీ సంతోషమే. కాని అక్కడ ఏం జరుగుతుందో మీకూ తెలియదు, మీ అమ్మానాన్నలకూ తెలియదు.

తెలియకపోతే నష్టమేమిటి? చాలా ఉంది. బాగా ఈదగలిగినవారే గోడను ఒక చేత్తో తాకినందుకు పోటీనుంచి తొలగిపోవచ్చు. పిలిచినప్పుడు అక్కడ లేకపోవడంవల్ల అసలు నీళ్ళలోకి దిగకుండానే ఇంటికి రావలసి రావచ్చు. అందుకని ఈ వ్యాసాన్ని మీరు చదవండి, మీ పెద్దలకు చదివి వినిపించండి.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈత పోటీ అంటే ఒక కొలత. మనం ప్రయోగశాలలో పొడవును, కాలాన్ని కొలిచినట్లే అక్కడ మనిషి వేగాన్ని కొలుస్తారు. పోటీలోని ప్రతి నియమమూ ఆ కొలత అందరికీ ఒకేలా ఉండాలని పెట్టినదే.

కొలను కూడా ఒక కొలబద్దే

బావిలో ఎంత దూరం ఈదారో ఎవరూ చెప్పలేరు. పోటీ కొలను అలా కాదు. దాని పొడవు 50 మీటర్లు, లేదా 25 మీటర్లు. నీటిపై తేలే తాళ్ళతో దాన్ని దారులుగా విభజిస్తారు. ఒక్కొక్క దారిని లేను అంటారు. పెద్ద పోటీల్లో లేను వెడల్పు 2.5 మీటర్లు. తాడుకు గుచ్చిన ప్లాస్టిక్ బిళ్ళలు ఊరికే అందానికి కావు. పక్క లేనులో పుట్టిన అలలు వాటికి తగిలి విరిగి, బలం కోల్పోతాయి. ఒకరి అల ఇంకొకరిని అడ్డగించకూడదు కదా!

అడుగున ప్రతి లేను మధ్యలోనూ నల్లని గీత ఉంటుంది. ముఖం నీటిలో ఉన్నా తిన్నగా పోవడానికి అదే దారి చూపుతుంది. రెండు కొసలకూ 5 మీటర్ల ఇవతల, తలపైన చిన్న జెండాల తోరణం కడతారు. వెల్లకిలా ఈదేవారికి గోడ కనబడదు గనుక, జెండాలు దాటాక ఎన్ని బారలకు గోడ వస్తుందో వారు ముందే లెక్కపెట్టుకుంటారు.

మూడు అంకెలు

పాఠశాలల క్రీడల్లో 14, 17, 19 ఏళ్ళలోపు అని మూడు విభాగాలు ఉంటాయి. బాలురకు, బాలికలకు పోటీలు వేరు. జిల్లాలో ఎంపికైనవారు రాష్ట్రానికి, అక్కడ నెగ్గినవారు జాతీయ పోటీలకు వెళతారు. ఇవి కాక, రాష్ట్ర ఈత సంఘాలు, స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వయసునుబట్టి వేరే పోటీలు జరుపుతాయి. ఎక్కడికి వెళ్ళినా వయసు రుజువు కావాలి. పుట్టినతేదీ ధ్రువపత్రం, చదువు ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు ముందే సిద్ధం చేసుకోండి. ఏ తేదీనాటికి వయసు లెక్కిస్తారో ప్రకటనలో చూడండి.

పోటీ ఉదయం గోడకు ఒక జాబితా అంటిస్తారు. అందులో మీ పేరు ఎదురుగా మూడు అంకెలు చూసుకోవాలి: ఎన్నో పోటీ, ఎన్నో హీటు, ఎన్నో లేను. ఇక్కడ హీటు అంటే వేడి కాదండోయ్! ఒకే పోటీకి నలభైమంది వచ్చారనుకుందాం. కొలనులో 8 లేన్లే ఉంటే అయిదు జట్లుగా ఈదించాలి. ఆ ఒక్కొక్క జట్టే ఒక హీటు. అనుభవమున్న పిల్లలు ఈ మూడు అంకెలను పెన్నుతో చేతిమీద రాసుకుంటారు. మీరూ రాసుకోండి.

హీటులో మొదట వచ్చినవారంతా ఫైనలుకు వెళతారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. అన్ని హీట్ల కాలాలనూ కలిపి చూసి, తక్కువ కాలం పట్టిన 8 మందిని ఫైనలుకు తీసుకుంటారు. మీ హీటులో మీరు మూడోవారైనా ఫైనలుకు వెళ్ళవచ్చు, మొదటివారైనా వెళ్ళకపోవచ్చు. అందుకే పక్కవాళ్ళను చూస్తూ ఈదకండి. మీ పందెం గడియారంతో. కొన్ని చోట్ల ఫైనలు ఉండదు, హీట్ల కాలాలతోనే బహుమతులు నిర్ణయిస్తారు.

లేన్లు కూడా చీట్లు తీసి పంచరు. ముందు నమోదైన కాలాల ప్రకారం 8 లేన్ల కొలనులో అందరికన్న వేగంగా ఈదేవారికి 4వ లేను, తరువాతివారికి వరుసగా 5, 3, 6, 2, 7, 1, 8 ఇస్తారు. కొత్తవారికి పాత కాలం ఉండదు గనుక అంచు లేను రావచ్చు. అది అవమానం కాదు, పద్ధతి.

విజిల్ ఊదాక

రిఫరీ ముందు పొట్టి విజిళ్ళు వేస్తాడు. సిద్ధం కమ్మని అర్థం. తరువాత ఒక పొడుగు విజిల్. అప్పుడు దిమ్మె ఎక్కాలి. వెల్లకిల ఈతవారు మాత్రం నీళ్ళలోకి దిగాలి. స్టార్టరు ఇంగ్లీషులో "టేక్ యువర్ మార్క్స్" అంటాడు. వంగి, కదలకుండా ఉండాలి. శబ్దం రాగానే దూకాలి. శబ్దానికి ముందే దూకితే పోటీనుంచి తొలగిస్తారు. రెండో అవకాశం ఉండదు.

ఇక్కడొక చిన్న లెక్క చేద్దాం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒకటో లేను మధ్యనుంచి ఎనిమిదో లేను మధ్యకు 17.5 మీటర్లు. స్టార్టరు ఒక పక్కనే నిలబడి తుపాకి పేలిస్తే, దూరపు లేనుకు ఆ చప్పుడు 0.05 సెకను ఆలస్యంగా చేరుతుంది. అయిదు నూరోవంతులే కదా అంటారా? కొంచెం ఆగండి, దాని విలువ ఇంకాసేపట్లో తెలుస్తుంది. ఈ తేడా రాకుండా పెద్ద పోటీల్లో ప్రతి దిమ్మె దగ్గరా ఒక స్పీకరు పెడతారు.

నాలుగు ఈతలు, నాలుగు కట్టుబాట్లు

ఫ్రీస్టైల్: ఎలాగైనా ఈదవచ్చు. అందరూ బార ఈతే ఎంచుకుంటారు, అదే వేగమైనది గనుక. అలసిపోతే అడుగున కాసేపు నిలబడవచ్చు, నడవకూడదు. తాడు పట్టుకుని లాగకూడదు.

బ్యాక్‌స్ట్రోక్: మన వెల్లకిల ఈత. వెల్లకిలా ఉండే చివరి గోడను తాకాలి.

బ్రెస్ట్‌స్ట్రోక్: మన కప్ప ఈతలాంటిది. రెండు కాళ్ళూ కప్పలా ఒకేసారి తన్నాలి.

బటర్‌ఫ్లై: సీతాకోకచిలుక ఈత. రెండు చేతులూ కలిసి నీటిపైనుంచి ముందుకు రావాలి.

చివరి రెండింటిలో మలుపు దగ్గరా, ముగింపులోనూ రెండు చేతులతో ఒకేసారి గోడను తాకాలి. కొత్తవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. న్యాయనిర్ణేత చెయ్యి ఎత్తాడంటే తప్పు చూశాడన్నమాట. అప్పుడు ఏడవడం కాదు, ఏది తప్పో అడిగి తెలుసుకోవాలి. పెద్దలు వాదనకు దిగకూడదు. అభ్యంతరం ఉంటే జట్టు మేనేజరు నిర్ణీత సమయంలో రాసి ఇస్తారు.

గడియారం నేర్చుకున్న పాఠాలు

1960 రోము ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనలు జరిగింది. అమెరికావాడు లాన్స్ లార్సన్‌కు మూడు స్టాప్‌వాచీలు 55.0, 55.1, 55.1 సెకన్లు చూపాయి. ఆస్ట్రేలియావాడు జాన్ డెవిట్‌కు మూడూ 55.2 చూపాయి. అయినా స్వర్ణపతకం డెవిట్‌కే ఇచ్చారు. కారణం, అప్పట్లో గెలుపును నిర్ణయించేది గడియారాలు కాదు, న్యాయనిర్ణేతల కళ్ళు! దీనిపై పెద్ద వివాదం చెలరేగింది. తరువాత చేతితో నొక్కితే విద్యుత్ గడియారం ఆగిపోయే స్పర్శఫలకాలు వచ్చాయి. 1967లో పాన్ అమెరికన్ క్రీడల్లో, 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో వాటిని వాడారు.

ఇక కొలత మరీ సూక్ష్మమైపోయింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 400 మీటర్ల మెడ్లేలో స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్‌కు 4 నిమిషాల 31.981 సెకన్లు, అమెరికాకు చెందిన టిమ్ మెకీకి 4 నిమిషాల 31.983 సెకన్లు పట్టాయి. తేడా 0.002 సెకను. వారి వేగం సెకనుకు దాదాపు ఒకటిన్నర మీటరు. అంటే దూరంలో తేడా 3 మిల్లీమీటర్లు!

ఇప్పుడు ఆలోచించండి. కొలను గోడ సిమెంటుతో కట్టినది. ఒక లేను మరొకదానికంటె ఒక సెంటీమీటరు పొడవుంటే, 8 సార్లు అటూ ఇటూ ఈదేసరికి తేడా 8 సెంటీమీటర్లవుతుంది. మూడు మిల్లీమీటర్లతో గెలిచింది ఈతగాడా, తాపీమేస్త్రీయా? అందుకే ఆ తరువాత నూరోవంతు సెకనుకన్నా సూక్ష్మంగా లెక్కించడం మానేశారు. కొలబద్దకు ఎంత నిజాయితీ ఉందో అంతవరకే కొలవాలి. భౌతికశాస్త్ర ప్రయోగాల్లో మీరు నేర్చుకునే సూత్రమే ఇది.

నూరోవంతులో కూడా సమానమైతే? పతకాన్ని పంచుతారు. 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ ఇద్దరూ 52.70 సెకన్లతో స్వర్ణం పంచుకున్నారు. మరి ఒక్క నూరోవంతు తేడా ఉంటే? 2008 బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్ 50.58, మిలొరాడ్ చావిచ్ 50.59. ఫెల్ప్స్‌కే స్వర్ణం. శబ్దం ఆలస్యమయ్యే ఆ అయిదు నూరోవంతుల విలువ ఇప్పుడు తెలిసింది కదూ!

చిన్న పోటీల్లో స్పర్శఫలకాలు ఉండకపోవచ్చు. అప్పుడు ఒక లేనుకు ముగ్గురు స్టాప్‌వాచీలతో నిలబడతారు. ఇద్దరి కాలం ఒకటైతే అదే లెక్క. మూడూ వేరైతే మధ్యది తీసుకుంటారు. ఉదాహరణకు 38.2, 38.4, 39.3 వస్తే లెక్కకు వచ్చేది 38.4. సగటు ఎందుకు తీయరు? ఒక్కరు పొరపాటున ఆలస్యంగా నొక్కినా సగటు చెడిపోతుంది. మధ్య విలువ చెడదు. బడి మైదానంలో ఒకరిని పరుగెత్తించి, ముగ్గురు విడివిడిగా కాలం కొలిచి చూడండి.

బావినుంచి కొలనుకు

బావిలో మనం తల పైకెత్తి ఈదుతాం. తల ఎత్తితే తక్కెడలాగా కాళ్ళు కిందికి దిగుతాయి. దిగిన కాళ్ళు నీటికి అడ్డుపడతాయి. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి బలం పెంచడంకంటె అడ్డు తగ్గించడమే తెలివి. ముఖం నీటిలో ఉంచి, ఊపిరికి మాత్రం పక్కకు తిప్పడం ముందుగా నేర్చుకోండి. రెండోది మలుపు. గోడను కాళ్ళతో బలంగా తన్ని, బాణంలా చాచుకుని జారండి. దూకిన క్షణం తరువాత మీ వేగం ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఈ సాధనకు సోమశిల జలాశయమూ, గండిపాలెం చెరువూ, పెన్నా మడుగులూ పనికిరావు. అక్కడ లోతు తెలియదు, పట్టుకోవడానికి గోడ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. శిక్షకుడు ఉన్న కొలనులోనే నేర్చుకోండి. లోతు తెలియనిచోట తలకిందులుగా ఎన్నడూ దూకకండి.

పెద్దలకు నాలుగు మాటలు

మీ పిల్లవాడు ఈదేది నలభై సెకన్లు, ఎదురుచూసేది నాలుగు గంటలు. గాలికంటె నీరు సుమారు 25 రెట్లు త్వరగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి రెండు తువ్వాళ్ళు, ఒక పొడి చొక్కా తీసుకువెళ్ళండి. నీటి అద్దాలు రెండు జతలుంటే మేలు. పోటీకి ముందు కడుపునిండా అన్నం పెట్టకండి. ఇడ్లీ, అరటిపండు, మంచినీళ్ళు చాలు. పేరు పిలిచే చోటును ముందే చూసిపెట్టుకోండి. ఈత అయ్యాక "ఎన్నోవాడివి?" అని అడగకండి. "కిందటిసారికంటె ఎంత తగ్గింది?" అని అడగండి.

పల్లెటూరి పిల్లలకు ఇది అందని పని అనుకోవద్దు. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతపు పల్లెలో పుట్టిన షంషేర్ ఖాన్ సైన్యంలో చేరి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున బటర్‌ఫ్లై ఈదాడు. ఆ ఈతకు ఒలింపిక్స్‌లో ప్రత్యేకమైన పోటీ పెట్టడం అదే మొదటిసారి.

మీ మొదటి పోటీలో చివరివారుగా వచ్చినా ఒక కాలం మీ పేరుమీద నమోదవుతుంది. దాన్ని నోటుబుక్కు మొదటి పేజీలో తేదీతో సహా రాయండి. ఆరు నెలల తరువాత ఈదినప్పుడు దాని కింద ఇంకో కాలం రాయండి. ఆ రెండు అంకెల తేడాయే మీరు సాధించినది. దాన్ని మీనుంచి ఎవరూ తీసుకోలేరు.