ఓడ దిగాక ఎటు?

విల్లెమ్‌స్టాడ్‌లో గంట మోగిందంటే వంతెన మీది జనం నడక వేగం పెంచుతారు. కురసావ్ దీవికి రాజధాని ఆ ఊరు. సముద్రపు పాయ ఒకటి లోపలికి చొచ్చుకొచ్చి ఊరిని రెండుగా చీలుస్తుంది. దాని మీద 1888లో వేసిన క్వీన్ ఎమ్మా వంతెనకు స్తంభాలు లేవు, వరసగా పేర్చిన పడవల మీద తేలుతూ ఉంటుంది. లోపలికి ఓడ రావాల్సి వచ్చినప్పుడు ఒక కొసన మోటారు మొదలవుతుంది. వంతెన మొత్తం తలుపు తెరుచుకున్నట్టు మెల్లగా పక్కకు తిరిగి ఒడ్డుకు ఆనుకుంటుంది. దిగడానికి తీరిక దొరకనివాళ్లు దానితోపాటే నీళ్ల మీద తిరిగి వస్తారు. నారింజ రంగు జెండా ఎగరేస్తే కాసేపట్లో మళ్లీ దారి ఇస్తారని అర్థం. నీలం జెండా అయితే చాలాసేపు పడుతుంది. అంతవరకు జనాన్ని అటూ ఇటూ దాటించడానికి ఉచితంగా పడవ నడుపుతారు.

ఒకప్పుడు ఈ వంతెన దాటడానికి సుంకం ఉండేది. కాళ్లకు చెప్పులున్నవాళ్లే కట్టాలి, వట్టి కాళ్లతో వచ్చినవాళ్లు ఊరికే దాటొచ్చు. లేనివాళ్లమని నలుగురిలో ఒప్పుకోవడం ఇష్టం లేనివాళ్లు చెప్పులు అరువు తెచ్చుకుని మరీ సుంకం కట్టేవారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వంతెన దాటి పుండా వైపు వెళితే 1732 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉంది. దాని నేలంతా ఇసుకే. లోపల అడుగు వేస్తే చప్పుడు వినిపించదు.

ఇవన్నీ క్రూజ్ ఓడ ఆగే రేవు నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. వంతెనకు టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. అయినా ఓడ దిగినవాళ్లలో చాలామంది రేవు దగ్గరే బస్సెక్కి గంట దూరంలోని బీచ్‌కి వెళ్లిపోతారు. నిన్నటి దీవిలో చూసిందీ బీచే, రేపటి దీవిలో చూడబోయేదీ బీచే. అక్కడి ఇసుక అందమైనదే, తప్పేమీ లేదు. కానీ ఇలాంటి వంతెన మాత్రం మరో దీవిలో దొరకదు.

ఫ్లోరిడా రేవుల్లో బయలుదేరి దక్షిణ కరేబియన్ దాకా వెళ్లి వచ్చే ప్రయాణాలు పది నుంచి పద్నాలుగు రోజులు సాగుతాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఎక్కే ఓడల్లో ఇవీ ఉన్నాయి. దారిలో ఆరేడు దీవులు తగులుతాయి. టికెట్ కొన్న వారంలోపే కంపెనీ నుంచి జాబితా వస్తుంది. ఒక్కో దీవిలో పాతిక ముప్పై రకాల యాత్రలు, పడవ షికార్లు, జలపాతాలు, జిప్‌లైన్లు. చాలామంది ఏ రేవుకు ఆ రేవు విడిగా చూసి, అన్నిటిలోకీ అందమైన ఫొటో ఉన్నదానికి డబ్బు కట్టేస్తారు. నాలుగో దీవికి వచ్చేసరికి ఒళ్లు అలిసిపోతుంది, పర్సు తేలికవుతుంది, చూసినవన్నీ కలగాపులగం అయిపోతాయి.

మంచి వంటవాళ్లు విస్తరి మొత్తాన్ని ఒక్కసారి మనసులో చూసుకుని వండుతారు. పప్పు ఉంటే పక్కన పులుసు, ఘాటైన పచ్చడి ఉంటే చివరికి పెరుగు. రేవులనూ అలా చూడాలి. ఒక దీవిలో నడక, ఒక దీవిలో నీళ్లు, ఒక చోట కొండదారి, మరో చోట ఊరి సంత, మధ్యలో ఒక రోజు ఏమీ చేయకుండా ఓడలోనే ఉండిపోవడం. జనమంతా దిగిపోయిన పూట ఓడలో ఈతకొలను ఖాళీగా ఉంటుంది, లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ దొరుకుతుంది. పెద్దవాళ్లకు ఆ ఒక్క రోజు విశ్రాంతి తర్వాతి మూడు దీవులకు సరిపడా బలం ఇస్తుంది.

ఎంపికకు ముందు గంటల లెక్క వేసుకోవాలి. ఉదయం 8కి చేరి సాయంత్రం 5కి కదిలే ఓడ అంటే చేతిలో తొమ్మిది గంటలు ఉన్నట్టు అనిపిస్తుంది. అధికారుల తనిఖీ ముగిసి, వరసలో నిలబడి నేల మీద కాలు పెట్టేసరికి 8.45 అవుతుంది. అందరూ 4.30కే ఓడెక్కి ఉండాలి. దానికి ముందు ఒక గంట చేతిలో ఉంచుకుంటే 3.30. మిగిలింది ఆరు గంటల నలభై ఐదు నిమిషాలు. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు పట్టే చోటైతే చూడడానికి మూడు గంటలు కూడా దక్కవు, అందులోనే భోజనం.

పశ్చిమ కరేబియన్ దారిలో మెక్సికోకు చెందిన కోజుమెల్ దీవి ఈ లెక్కకు గట్టి ఉదాహరణ. అక్కడ ఓడ ఆగగానే అందరికీ గుర్తొచ్చేది మాయా నాగరికత నాటి చిచెన్ ఇట్జా. కానీ అది దీవిలో లేదు. ముక్కాలు గంట ఫెర్రీ, ఆపైన రెండున్నర గంటల బస్సు, మళ్లీ అంతే వెనక్కి. దీవి నడిమధ్యన సాన్ హెర్వాసియో అనే మాయా శిథిలాలు ఉన్నాయి. ఇష్చెల్ అనే దేవత కోసం స్త్రీలు సముద్రం దాటి యాత్రగా వచ్చిన చోటు అది. చిచెన్ ఇట్జా పిరమిడ్ అంత ఎత్తైనదేదీ అక్కడ లేదు. కానీ చెట్ల నీడన రాళ్ల మధ్య నింపాదిగా నడిచి, ఆ కథ విని, భోజనం వేళకు రేవుకు చేరుకోవచ్చు.

కోజుమెల్‌లో గడియారమూ చూసుకోవాలి. ఆ దీవి ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే సమయం పాటిస్తోంది. ఫ్లోరిడాలో వేసవి కోసం గడియారాలు ముందుకు జరిపినప్పుడు రెంటికీ గంట తేడా వస్తుంది. ఓడ ఫ్లోరిడా సమయంలోనే నడుస్తుంటే, ఫోన్ తనంతట తాను స్థానిక సమయానికి మారి 3.50 చూపిస్తున్నప్పుడు ఓడలో 4.50 అవుతుంది. చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ సమయానికి సరిచేసుకోవడం అన్నిటికన్నా సులువైన పద్ధతి.

ఓడ వాళ్లు అమ్మే యాత్రకు వెళ్లాలా, ఒడ్డున డ్రైవర్‌తో బేరం కుదుర్చుకోవాలా? ఒడ్డున మాట్లాడుకుంటే సాధారణంగా ఖర్చు తక్కువ, మనకు నచ్చిన చోట ఆగొచ్చు. ఓడ యాత్రలో ఖర్చు ఎక్కువ, నలభై మందితో కలిసి బస్సు దిగాలి, ఎక్కాలి. కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవాళ్లకు ఆ భరోసా లేదు.

2024 మార్చి చివర్లో ఆఫ్రికా పడమటి తీరాన సావో తోమే దీవిలో ఇదే జరిగింది. సొంతంగా కుదుర్చుకున్న యాత్రకు వెళ్లిన ఎనిమిది మంది క్రూజ్ ప్రయాణికులు వేళకు తిరిగి రాలేకపోయారు. ఓడ కనిపిస్తూనే ఉంది, ఎక్కనివ్వలేదు. వాళ్లలో వయసు పైబడినవాళ్లూ ఉన్నారు. దేశాలు దాటి గాంబియాలో పట్టుకుందామని వెళితే, పోటుపాట్లు అనుకూలించక ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్ రాజధాని డకార్‌లో ఎక్కారు. అలా రోజుల తరబడి ఓడ వెంట పరిగెత్తాల్సి వచ్చింది.

అందుకే ఒక చిన్న సూత్రం పనికొస్తుంది. రేవుకు అరగంట దూరం లోపలైతే సొంతంగా వెళ్లొచ్చు. కొండలు దాటాలన్నా, ఫెర్రీ ఎక్కాలన్నా, ఒకే ఒక్క రోడ్డు ఉన్న చోటైనా ఓడ యాత్రే మేలు.

అయితే ఓడ వాళ్లు అమ్మినంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. 2019 డిసెంబర్ 9న న్యూజిలాండ్‌లోని ఫకారీ దీవి అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ దీవి మీద 47 మంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఒక క్రూజ్ ఓడ నుంచి యాత్రగా వచ్చినవాళ్లే. 22 మంది ప్రాణాలు పోయాయి. అంతకు కొన్ని వారాల ముందే అక్కడి హెచ్చరిక స్థాయిని పెంచారు. అగ్నిపర్వతమైనా, లోతు నీళ్లలో ఈత అయినా, ఈ వారం అక్కడ పరిస్థితి ఎలా ఉందని అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉంది. అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

డొమినికా దీవిలో మోర్న్ ట్రువా పితోన్ నేషనల్ పార్క్ ఉంది, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అందులో బాయిలింగ్ లేక్ అనే చెరువు నిజంగానే కుతకుతలాడుతూ ఉంటుంది. ఫొటో చూస్తే వెళ్లాలనిపిస్తుంది. కానీ వెళ్లడానికి సుమారు మూడు గంటలు, రావడానికి మూడు గంటలు కొండల్లో నడవాలి. ఓడలో వచ్చినవాళ్లు దాన్ని వదులుకోవడమే మంచిది. బదులుగా రాజధాని రోసో నుంచి కొద్ది దూరంలోనే ట్రఫాల్గర్ జలపాతాలు ఉన్నాయి. పక్కపక్కనే దూకే రెండు ధారలకు అక్కడివాళ్లు అమ్మ, నాన్న అని పేరు పెట్టుకున్నారు. ఊరికి దక్షిణాన షాంపేన్ రీఫ్ దగ్గర నీళ్లలో దిగితే సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వతపు వాయువు బుడగలు బుడగలుగా పైకి లేస్తూ ఒంటికి తగులుతుంది.

సెయింట్ లూసియాలో నడకా, ఈతా కాదు, ఏ దారిన వెళ్లాలన్నదే ప్రశ్న. ఓడ ఆగేది కాస్ట్రీస్‌లో. అందరూ చూడాలనుకునే పితోన్ శిఖరాలు దక్షిణాన సుఫ్రియర్ దగ్గర. ఏడు వందల మీటర్లు దాటిన రెండు కొండలు సముద్రంలోంచే నిట్టనిలువుగా లేచినట్టు ఉంటాయి. రోడ్డు మెలికలు తిరుగుతుంది, కడుపులో తిప్పేవాళ్లకు కష్టం. కాటమరాన్ పడవలో వెళితే కొండలు ఎదురుగా కనిపిస్తూ దగ్గరవుతాయి. కాటమరాన్ అన్న మాట మన తూర్పు తీరం నుంచే ప్రపంచానికి వెళ్లింది. తమిళంలో కట్టుమరం.

గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. దూరంగా నిలబడితే టెండర్ బోట్లలో జనాన్ని దించుతారు, గంటల లెక్కలో అదీ కలుపుకోవాలి. అక్కడ పేరుపడింది స్టింగ్‌రే సిటీ. నడుము లోతు ఇసుక దిబ్బ మీద నిలబడితే వెడల్పాటి టేకు చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. జాలరులు పూర్వం అక్కడ చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు నీళ్లలో వేసేవారు, దానికి అలవాటు పడి చేరాయి. రాత్రిపూట మేత వెతుక్కునే ఈ జీవులు ఇక్కడ పగలే తిరుగుతున్నాయని పరిశోధకులు గమనించారు. వాటిని నీళ్లలోంచి పైకి ఎత్తకూడదన్నది నిబంధన. ఫొటో కోసం ఎవరైనా ఎత్తి చూపిస్తామంటే వద్దనాలి.

బార్బడోస్ గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 జూన్ 29న దక్షిణాఫ్రికా మీద ఏడు పరుగుల తేడాతో భారత్ టీ20 ప్రపంచకప్ గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ బ్రిడ్జ్‌టౌన్‌లోనే, రేవుకు దగ్గర్లోనే ఉంది. ఒక్క జాగ్రత్త: మిలటరీ రంగుల బట్టలు, టోపీలు వేసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, పిల్లలకైనా సరే.

దక్షిణ కరేబియన్ దారిలో తప్పకుండా నడవాల్సిన ఊరు గ్రెనడాలోని సెయింట్ జార్జెస్. రేవు నుంచి సంత దగ్గరే. సంతలో ఒక ఆవిడ పసుపుపచ్చని పండును చేత్తో రెండుగా విప్పి చూపిస్తుంది. లోపల ముదురు గోధుమరంగు గింజ, దాన్ని చుట్టుకుని ఎర్రటి జల్లెడలాంటి పొర. ఆ పొర ఎండితే జాపత్రి, గింజ లోపలిది జాజికాయ. బిర్యానీలో రెంటినీ వేసేవాళ్లలో చాలామంది అవి ఒకే పండులోవని మొదటిసారి ఇక్కడే తెలుసుకుంటారు. ఈ దేశపు జెండా మీద కూడా జాజికాయ బొమ్మే ఉంటుంది. 2004లో ఇవాన్ తుపాను జాజి చెట్లలో ఎక్కువ భాగాన్ని కూల్చేసింది. నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది కాబట్టి రైతులు చాలాకాలం కోలుకోలేకపోయారు. ఆ సంతలో కొన్న నాలుగు కాయల డబ్బు నేరుగా వాళ్ల ఊరికే చేరుతుంది. ఎండినవే కొనాలి. పచ్చి పండు అమెరికా కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బ్రోచర్‌లోని ‘మధ్యస్థం’ అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు. ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా, ఎంతసేపు నిలబడాలి, మరుగుదొడ్డి ఎక్కడ అని ఓడలోని యాత్రల కౌంటర్‌లో అడిగితే చెబుతారు. పాస్‌పోర్టు సంగతి బుకింగ్‌కు ముందే చూసుకోవాలి. మార్టినిక్, గ్వాడలూప్ ఫ్రాన్స్‌వే అయినా షెంగెన్ వీసా పరిధిలో లేవు. ఒక్క దీవి వీసా లేకపోయినా మొత్తం ప్రయాణానికే అడ్డు రావచ్చు.

కొన్ని ఓడలు ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనూ ఆగుతాయి. చెరకు తోటల్లో పనికి ఈ దీవికి భారతీయులను తెచ్చిన మొదటి ఓడ ఫతెల్ రజాక్ 1845 మే 30న ఇక్కడికి చేరింది. తర్వాత మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వీధి బండి మీద అమ్మే డబుల్స్ తింటే ఆ బంధుత్వం నాలుకకు తెలుస్తుంది. మెత్తటి రెండు బారాల మధ్య శనగల కూర, శాకాహారులకు నిశ్చింత.

దీవి పడమటి తీరాన వాటర్లూ అనే చోట సముద్రంలో గుడి ఉంది. శివదాస్ సాధు అనే కూలీ 1947లో చెరకు కంపెనీ భూమిలో గుడి కడితే 1952లో కూల్చేసి ఆయన్ను జైల్లో పెట్టారు. నేల మీద చోటు లేదంటే సముద్రంలో కడతానని ఆయన సైకిల్ మీద రాళ్లు, సిమెంటు మోసుకెళ్లి నీళ్లలో పోస్తూ వచ్చాడు. 1970లో చనిపోయేవరకూ ఆ పని మానలేదు. ఇప్పుడున్న గుడి 1995లో పూర్తయింది. ఒడ్డు నుంచి గుడిదాకా నడిచివెళ్లే దారి ఉంది, దాని పక్కన ఆయన విగ్రహం నిలబడి ఉంటుంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కారులో దాదాపు గంట. సాయంత్రం రోడ్డు కిటకిటలాడుతుంది కాబట్టి ఓడ దిగగానే ముందు ఇక్కడికే వచ్చి, మధ్యాహ్నానికి తిరుగు దారి పట్టాలి.