వీగన్ ఉద్యమంలో వర్ణ, కుల సమస్య: పాలమూరు నేల నుండి ఒక పరిశీలన

జంతువు నుండి లభించే ఏ వస్తువునూ తినరాదు, తొడగరాదు, వాడరాదు అనే నియమాన్ని జీవన విధానంగా స్వీకరించినవారిని నేడు వీగన్లు అంటున్నారు. మాంసం, చేపలు, గుడ్లు మాత్రమే కాదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పట్టు, ఉన్ని, తోలు కూడా వారికి నిషిద్ధాలే. ఈ పేరు పుట్టింది ఇంగ్లండులో, 1944 నవంబరులో. చెక్కపని నేర్పే ఉపాధ్యాయుడైన డొనాల్డ్ వాట్సన్, అతని సహచరులు కొందరు కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. అక్కడ శాకాహార సంఘం 1847 నుండే ఉంది. కాని దాని సభ్యులలో చాలామంది పాలు, గుడ్లు మానలేదు. మాంసం మాని పాలు త్రాగడంలో పొందిక లేదన్నది వాట్సన్ వాదం.

ఈ మాట మన దేశానికి వచ్చేసరికి ఒక పొరపాటు అవగాహన దానితోపాటు వచ్చి చేరింది. వీగన్ అంటే మన శాకాహారమే గదా, మరికాస్త కఠినమైనదేమో అని చాలామంది తలుస్తున్నారు. కాని మన వాడుకలో శాకాహారి అంటే అన్నంలో నెయ్యి పోసుకునేవాడు, పెరుగుతో భోజనం ముగించేవాడు, పట్టుబట్ట కట్టి పూజకు కూర్చునేవాడు. వాట్సన్ గీసిన గీత ప్రకారం చూస్తే ఇతడు ఆ గీతకు చాలా దూరంలో ఉన్నాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో తరతరాలుగా కూలిజనం తిన్న తిండి, జొన్నరొట్టె, పల్లీల కారం, అంబలి, పచ్చిపులుసు, ఆ గీతకు ఎంతో దగ్గరగా ఉంది. పండుగకో పెళ్ళికో తప్ప మాంసం దొరకని ఇళ్ళు, పాలు అమ్ముకొని తాము త్రాగని ఇళ్ళు పాలమూరులో ఎన్నో ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఆ కూలివానిని సాత్వికుడని ఎవరూ కొనియాడలేదు. అతడు మాంసాహారుల జాబితాలోనే ఉన్నాడు. 2014లో కేంద్ర ప్రభుత్వం జరిపిన నమూనా సర్వేలో తెలంగాణాలో 15 ఏళ్ళు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. అది దేశంలోకెల్లా అధికం. ఆ లెక్క ఏమి తింటారో చెబుతుంది గాని, ఎన్నాళ్ళకొకసారి తినగలుగుతారో చెప్పదు.

కనుక ప్రశ్న తిండిని గురించి మాత్రమే కాదు. ఎవరు మానితే అది త్యాగమవుతుంది, ఎవరు తింటే అది నీచమవుతుంది అన్నది అసలు ప్రశ్న. పాశ్చాత్య దేశాలలో ఈ ప్రశ్న వర్ణం రూపంలో వచ్చింది. మన వద్ద కులం రూపంలో, మతం రూపంలో వచ్చింది.

అమెరికాలో వీగన్ అనగానే కళ్ళముందు మెదిలే బొమ్మ తెల్లజాతి మధ్యతరగతి మనిషిది. వాస్తవం వేరు. 2016 నాటి ప్యూ సంస్థ సర్వే ప్రకారం నల్లజాతి అమెరికన్లలో సుమారు 8 శాతం మంది పూర్తి శాకాహారులు లేదా వీగన్లు. మొత్తం జనాభాలో వీరు 3 శాతమే. నల్లజాతి హాస్యనటుడు, పౌరహక్కుల కార్యకర్త డిక్ గ్రెగరీ 1960లలోనే మాంసం మానివేశాడు. నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు ఎలైజా ముహమ్మద్ 1967లో ప్రచురించిన ఆహార గ్రంథంలో పంది మాంసాన్ని పూర్తిగా నిషేధించి, ఇతర మాంసాన్నీ తగ్గించమని తన అనుయాయులకు బోధించాడు. బానిసత్వపు రోజులలో యజమాని విసిరిన నాసిరకం తిండి నుండి తన జాతిని విడిపించాలన్నది అతని తపన. (ఆ సంస్థ విశ్వాసాలు అహ్లె సున్నత్ విశ్వాసాలకు భిన్నమైనవని పాఠకులకు తెలిసిన విషయమే, ఇక్కడ ప్రస్తుతం ఆహారం.) ఇంత చరిత్ర ఉండగా 2005లో పెటా అనే జంతుహక్కుల సంస్థ, గొలుసులు వేసిన బానిసల చిత్రాల ప్రక్కన కబేళా పశువుల చిత్రాలు పెట్టి ప్రదర్శన నిర్వహించింది. నల్లజాతి వారు తీవ్రంగా నిరసించారు. నిన్నటి వరకు తమను పశువులన్న సమాజమే నేడు దయ పేరుతో మళ్ళీ ఆ పోలికే తెచ్చిందన్నది వారి ఆవేదన.

ఆ నిరసన అంతటితో ఆగలేదు. 2010లో ఎ. బ్రీజ్ హార్పర్ నల్లజాతి వీగన్ స్త్రీల రచనలతో 'సిస్టా వీగన్' అనే సంకలనం వెలువరించింది. ఈ స్త్రీలు వీగన్ నియమాన్ని కాదనలేదు. ఆ నియమానికి తెల్లవారి హోదాకు వేసిన ముడిని మాత్రం విప్పారు. నియమం వేరు, దాన్ని మోసుకు తిరిగే పెత్తనం వేరు అన్న ఈ వివేచన మనకు చాలా అవసరం. ఎందుకంటే మన ప్రాంతంలో ఈ రెండూ మరింత గట్టిగా పెనవేసుకొని ఉన్నాయి.

పెబ్బేరు సంతను తీసుకుందాం. వనపర్తి జిల్లాలోని ఈ సంత పశువుల క్రయవిక్రయాలకు చిరకాలంగా పేరుగన్నది. ఇక్కడికి తోలుకొచ్చే గేదె కథ వింటే పాలకూ మాంసానికీ మధ్య గోడ లేదని తెలుస్తుంది. ఈననిదే గేదె పాలివ్వదు. ఈనిన దూడ మగదైతే రైతుకు అది భారమే. దున్నడానికి ట్రాక్టరు వచ్చిన తరువాత మరీను. గేదె వట్టిపోతే, ముసలిదైతే, దాని మేతకు పెట్టే ఖర్చు రైతు భరించలేడు. సంతకు తోలుతాడు. అక్కడ దళారి కొంటాడు, అతని వద్ద ఖసాయి కొంటాడు. తోలు మాదిగవాడలకో తోళ్ళ కార్ఖానాలకో చేరుతుంది. పాలు త్రాగినవాడు ఈ గొలుసుకు మొదటి కొసన ఉన్నాడు, కత్తి పట్టినవాడు చివరి కొసన. పాపమంతా చివరి కొసన ఉన్న ఖురైషీ మీదికి, మాదిగ మీదికి నెట్టివేసి, మొదటి కొసన ఉన్నవాడు పవిత్రుడుగా మిగలడమే మన దేశపు విచిత్రం.

నిజానికి వీగన్ వాదం ఈ గొలుసునంతటినీ ఒక్కటిగా చూపించే వాదం. దానిని నిజాయితీగా పట్టుకుంటే మొదట చిక్కులో పడేది నెయ్యి తినే శాకాహారి. గాంధీజీకి ఈ సంగతి తెలుసు. పాడిపశువుల మీద జరిగే హింసను చూసి ఆయన 1912లో పాలు మానివేశాడు. 1919లో జబ్బుతో ఉన్నపుడు కస్తూర్బా బలవంతం మీద మేకపాలు పుచ్చుకొని, వ్రతభంగమైనదని జీవితాంతం బాధపడ్డాడు. కాని మన నగరాలలో వీగన్ ప్రచారం చేసే కొందరి వద్ద ఈ నిజాయితీ కనిపించదు. పాల మాట మెల్లగా, గొడ్డుమాంసం మాట గట్టిగా వినిపిస్తుంది. అప్పుడది జంతువు పక్షాన వాదించడం కాదు, మనిషి మీద తీర్పు చెప్పడమే.

కంచ ఐలయ్య 2004లో వెలువరించిన 'బఫెలో నేషనలిజం' గ్రంథంలో ఇదే విషయాన్ని మరోవైపు నుండి తట్టి లేపాడు. దేశంలో ఉత్పత్తి అయ్యే పాలలో దాదాపు సగం నల్లని గేదె ఇస్తుంటే, పూజ మాత్రం ఆవుకే ఎందుకు దక్కిందన్నది ఆయన ప్రశ్న. పశువులలో సైతం వర్ణవ్యవస్థ ఉన్నదన్నమాట! చట్టంలోనూ ఈ తేడా ఉంది. తెలంగాణాలో అమలులో ఉన్న 1977 నాటి చట్టం ఆవు వధను పూర్తిగా నిషేధించింది. ముసలి గేదెకు, ఎద్దుకు అధికారి ధ్రువపత్రం ఉంటే అనుమతి ఉంది. ఆకలి, ఆత్మగౌరవం కలిసిన ఈ ప్రశ్నే 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు జరిపిన పెద్దకూర పండుగలో వ్యక్తమైంది. దానిపై దాడి జరిగింది, ఘర్షణ జరిగింది. గద్వాల సరిహద్దుకు అవతల ఉన్న రాయచూరుతో సహా కర్ణాటక వెనుకబడిన జిల్లాల బడిపిల్లలకు 2021 డిసెంబరులో గుడ్డు పెట్టబోతే మఠాధిపతులు కొందరు అడ్డుచెప్పారు. రక్తహీనతతో బాధపడే పిల్లలకు ఎవరి ఆచారం ప్రకారం తిండి పెట్టాలన్నది అక్కడ తేలవలసి వచ్చింది.

మాంసం, పాలు అటుంచితే, వీగన్ నిషేధాలలో మిగిలినవి కూడా ఈ మూడు జిల్లాల బీదవారి బ్రతుకులను తాకేవే. కురుమల గొంగడి ఉన్నిది. ఆ నల్లగొర్రెల ఉన్ని కత్తిరించకపోతే గొర్రెకే ఎండలో ఇబ్బంది. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు అడవులలో చెంచులు దుంపలు త్రవ్వుకొని, జిగురు, తేనె ఏరుకొని బ్రతుకుతారు. 1940 ప్రాంతంలో వారి మధ్య నివసించిన హైమన్‌డార్ఫ్ 1943లో వారిపై గ్రంథం వ్రాశాడు. తేనెపట్టు అంతా పిండివేయక ఈగలకు కొంత వదలడం వారి ఆనవాయితీ. ఏడాదికి కోట్లాది తేనెటీగలను పెట్టెలలో మోసుకుపోయి తోటలకు అద్దెకిచ్చే అమెరికా బాదం వ్యాపారానికీ, ఈ చెంచువాని తేనెకూ ఒకే పేరు పెట్టి ఒకే తీర్పు చెప్పడం న్యాయమేనా? ఆ బాదంపాలే వీగన్ల బల్లమీద ఆవుపాలకు బదులు వచ్చే వస్తువు గనుక ఈ ప్రశ్న వేయక తప్పదు. వీగన్ సంఘం నిర్వచనంలోనే 'సాధ్యమైనంత మేరకు, ఆచరణకు వీలైనంత మేరకు' అనే భావం ఉంది. ఎవరికి సాధ్యం, ఎక్కడ వీలు అన్నది పల్లెకూ పట్నానికీ ఒకటి కాదు.

ఇక ముస్లిం పాఠకునికి ఇందులో రెండు వైపులా పని ఉంది. హలాల్ అంటే అనుమతించబడినది, తప్పనిసరి అని కాదు. జాలితోనో ఆరోగ్యం కోసమో ఒక ముస్లిం మాంసం తినకపోతే ధర్మానికి లోపం లేదు. దేవుడు ధర్మసమ్మతం చేసినదాన్ని నిషిద్ధమని ప్రకటించడాన్నే మాయిదా సూరా వారిస్తున్నది. ఖుర్బానీ హనఫీ మజ్‌హబులో స్తోమత ఉన్నవారికి వాజిబ్. షాఫియీలు మొదలైనవారి వద్ద సున్నతె ముఅక్కదా. తొమ్మిది వందల ఏళ్ళకు పైబడి వాట్సన్ కంటె ముందే, సిరియాకు చెందిన అంధకవి అబుల్ అలా అల్ మఅర్రీ (మరణం 1057) మాంసమే గాక పాలు, గుడ్లు, తేనె కూడా మానివేశాడు. ఫాతిమీల ప్రచారకుడు అల్ ముఅయ్యద్ కారణమేమిటని ఉత్తరం వ్రాస్తే, జంతువుల బాధతోపాటు తన స్వల్ప ఆదాయాన్ని కూడా పేర్కొన్నాడు. మంచి భోజనానికి ఏర్పాటు చేయిస్తామని వచ్చిన జాబును స్వీకరించలేదు. ఆ కవి విశ్వాసంపై విద్వాంసులకు ఎన్నో అభ్యంతరాలున్నాయి. అయినా ఈ ఆలోచన తెల్లజాతి సొత్తు కాదనడానికి అతడొక్కడు చాలు.

రెండవ వైపు మరింత కష్టమైనది. అన్‌ఆం సూరా జంతువులను, పక్షులను మనవంటి సముదాయాలుగా పేర్కొన్నది. జబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టాలని, పశువును బాధించరాదని సహీహ్ ముస్లిం హదీసు. సంత నుండి నిలువనైనా చోటు లేకుండా లారీలో కుక్కి, నీళ్ళయినా పెట్టకుండా తెచ్చిన గేదెకు చివరి క్షణంలో మాత్రమే ఈ హదీసు వర్తిస్తుందా? ఇంగ్లండులోని వోకింగ్ మసీదు ఇమాముగా పనిచేసిన బషీర్ అహ్మద్ మస్రీ 1989 నాటి తన గ్రంథంలో ఇటువంటి ప్రశ్నలనే ముస్లిం సమాజం ముందుంచాడు. గోరక్షకుల దౌర్జన్యాన్ని ఖండించడం న్యాయమే. కాని ఆ ఖండనను అడ్డుపెట్టుకొని ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. మస్రీ మాట బయటివాని నింద కాదు, ఇంటివాని మాట. అందుకే దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత మరింత ఎక్కువ.

ఇంటివాడు అడిగిన ప్రశ్న ఎంత దూరం పోగలదో గద్వాల వస్త్రం వైపు చూస్తే తెలుస్తుంది. గద్వాల చీర నడుమ నూలు, అంచు, కొంగు పట్టు. పట్టుదారం తీయడానికి గూళ్ళను లోపలి పురుగుతో సహా వేడినీట మరిగిస్తారు. 1990లో రాష్ట్రపతి సతీమణి జానకీ వెంకట్రామన్, పురుగును చంపకుండా పట్టుచీర నేయగలరా అని అడిగారు. ఆ మాట ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థలో ఉద్యోగి, నేతవారి కుటుంబంలో పుట్టిన కుసుమ రాజయ్య మనసులో పడింది. పురుగు రెక్కలు తొడిగి గూడు చీల్చుకొని పోయిన తరువాత మిగిలిన పట్టుతో ఆయన దారం వడికించి బట్ట నేయించాడు, పేటెంటు పొందాడు. చిల్లుపడిన గూటి నుండి ఒకే పొడవు దారం రాదు, దూదివలె వడకాలి. మెరుపు తగ్గుతుంది, వెల పెరుగుతుంది. ఆ వెల చెల్లించేది కొనేవారా, లేక కూలి తగ్గించుకొని నేతగాడా అన్నది మగ్గం దగ్గర ఇంకా నలుగుతున్న బేరం.