చక్రములపై యంత్రము

వడ్రంగి కార్ఖానాలో ఒక మూల పాతుకొనినట్లు నిలిచిన పోతయినుప రంపపు మిషనును, అది 300 కిలోలదే అయినను, రెండు బారలు జరుపవలసివచ్చినచో నలుగురు మనుష్యులును, రెండు గడ్డపారలును, ఒక పూట కాలమును కావలసియుండును; గచ్చుపై పడిన గీతలు ఆ శ్రమకు సాక్ష్యముగా ఏండ్లతరబడి నిలిచియుండును. ఇనుమును గచ్చుపై ఈడ్చుటకు బరువులో మూడవవంతునకు తక్కువగాని బలము కావలెను. అదే బరువును నునుపైన నేలపై గట్టి చక్రములమీద దొర్లించుటకు నూటికి రెండుమూడు పాళ్లు చాలును. ఘర్షణమును పరిశోధించి 1781లో పారిస్ విజ్ఞాన పరిషత్తు బహుమానమందిన కూలుంబ్, చక్రవ్యాసార్ధము పెరిగినకొలది ఈ దొర్లుడు నిరోధము తగ్గునని చూపెను.

అట్లని పెద్ద చక్రములను మిషను క్రిందనే బిగించినచో గరిమనాభి పైకెక్కి, అది చిన్న కుదుపునకే ఒరగును. కావున ఎల్ యాంగిలుతో మిషను అడుగును ఇముడ్చుకొను చట్రమును వెల్డింగు చేయించి, మూలలనుండి చేతులను వెలుపలికి చాపి, వాని చివరల చక్రములను అమర్చుట మేలు. అప్పుడు మిషను నేలకు అంగుళమెత్తుననే ఉండును, ఆధారమును విశాలమగును.

నాలుగు చక్రములున్నవి గనుక ఒక్కొక్కటి 75 కిలోలు మోసిన చాలుననుట పెద్ద పొరపాటు. నేల ఎగుడుదిగుడైనపుడు ఒక చక్రము గాలిలో తేలి, భారమంతయు ఎదురుమూలల రెండింటిపైననే పడవచ్చును. ఒక్కొక్కటి 150 కిలోలు మోయగలదిగా ఎన్నుకొనవలెను. మూడు చక్రములైనచో అన్నియు నేలను తాకియేయుండును గాని, త్రికోణపు అంచు దగ్గరగుటచే ఒరిగిపడు భయము హెచ్చును.

కదలుటకన్న నిలుచుటయే కష్టతరము. అన్నివైపుల తిరుగు చక్రమునకు సాధారణపు బ్రేకు వేసినను అది దొర్లకుండునేగాని, దానిని పట్టిన కొమ్ము తన ఇరుసుపై అటునిటు తిరుగుచునే యుండును. రంపము కోయునపుడు మిషను ఊగును. అప్పుడు చక్రముక్రింద అట్టముక్కను మడచి పెట్టుట నేను పలుమార్లు చూచితిని, అది చాలదు. చట్రపు నాలుగు మూలల నట్లు అతికించి, 16 మిల్లీమీటర్ల బోల్టులను నిలువుగా బిగింపవలెను. ఒక్క చుట్టునకు మూల 2 మిల్లీమీటర్లు లేచును. చక్రములు నేలను విడిచిన పిదప మిషను బోల్టులపైననే స్థిరముగా నిలుచును, నేల వంకరయు సరిపడును.

తోయునపుడు పైభాగమును పట్టుకొనక, వీలైనంత దిగువను పట్టి మెల్లగా తోయుడు. అంతకుముందు కరెంటు తీగను ఊడదీసి, నేలను ఊడ్చుడు: చక్రమునకు అడ్డుపడిన ఒక్క చెక్కపేడు చాలును, 300 కిలోల మిషను మనిషిమీద పడుటకు.