కోవిల్‌పట్టి రేగడిలో ఎర్రజెండా

మదురై నుంచి తిరునెల్వేలి వెళ్ళే దారిలో విరుదునగర్ దాటిన తరువాత నేల రంగు మారుతుంది. సాత్తూరు, కోవిల్‌పట్టి, ఎట్టయాపురం, విళాత్తికుళం వరకు పరచుకొని ఉన్న ఈ నల్లరేగడిని తమిళులు 'కరిసల్' అంటారు. ఏడాది పొడుగునా పారే ఏరు ఇక్కడ లేదు. వాన పడితే పత్తి, సజ్జ, జొన్న, పడకపోతే వలస. ఇళ్ళలో తెలుగు మాట్లాడుకొనే కుటుంబాలు ఈ నేలమీద కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నాయి. అట్లాంటి ఇళ్ళనుంచి వచ్చే విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటుంది: "మా తాతల కాలంలో ఊళ్ళో ఎర్రజెండా ఉండేదంటారు. ఇప్పుడు తెలుగు సంఘం అంటే కులసంఘమే. ఇదెట్లా జరిగింది?" పూర్తి సమాధానం మేము చెప్పగలమని కాదు గాని, సమాధానానికి కావలసిన సామగ్రిని మాత్రం ఇక్కడ కొంత కూర్చుతున్నాం.

మొదట మాట సంగతి. 'వామపక్షం' అనే మాట 1789 నాటి ఫ్రెంచి జాతీయసభనుంచి వచ్చింది. రాజుగారి అధికారాన్ని తగ్గించాలన్నవారు అధ్యక్షునికి ఎడమవైపున కూర్చున్నారు. ఆ తరువాత దేశదేశాలలో దాని అర్థం విస్తరించింది. మన అవసరానికి ఇంత చాలు: ఒక ఊరిని చూసినప్పుడు అక్కడ ఏ దేవుడు, ఏ భాష అని కాకుండా, దున్నేదెవరు, భూమి ఎవరిది, ధర నిర్ణయించేదెవరు అని ముందుగా అడగడం వామపక్ష దృష్టి. ఈ ప్రశ్నలు చాలా దూరం తీసుకుపోతాయి. అయితే ఎంతదూరం అన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం.

తూత్తుకుడి వామపక్షీయులు తమ చరిత్రను 1908నుంచి చెప్పుకొంటారు. ఆ ఏడాది ఫిబ్రవరి చివర హార్వీ కంపెనీవారి కోరల్ మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. స్వదేశీ నౌకా సంస్థ నడిపిన వ.ఉ.చిదంబరం పిళ్ళై, సుబ్రమణ్య శివ వారికి అండగా నిలిచారు. జీతం పెంపు, పని గంటల తగ్గింపు, వారానికొక సెలవు సాధించుకొన్నారు. అప్పటికి దేశంలో కమ్యూనిస్టు పార్టీ ఏదీ లేదు. అయినా స్వరాజ్యమూ కూలిరేటూ ఒకే సభలో మాట్లాడదగిన విషయాలని ఆ సమ్మె చూపింది.

పార్టీ వచ్చింది 1930లలో. అప్పుడు ఆంధ్ర, తమిళ జిల్లాలు ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయని మన విద్యార్థులు తరచు మరిచిపోతారు. పుచ్చలపల్లి సుందరయ్య దక్షిణాదిన పార్టీని కట్టే పనిలో తిరిగిన రాష్ట్రమే ఇదీ. తెలంగాణలో సాయుధపోరాటం సాగుతున్న కాలంలో తిరునెల్వేలి జిల్లాలో కూడ కమ్యూనిస్టులమీద కుట్ర కేసు నడిచింది. శ్రీవైకుంఠంలో 1925లో పుట్టిన ఆర్.నల్లకణ్ణు ఆ కేసులో ఏడేళ్ళు జైల్లో ఉన్నారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే పల్లెలో తెలుగు ఇంట పుట్టిన ఒక యువరైతు కూడ ఆ రోజులలో రైతు ఉద్యమాల కారణంగా జైలుకు వెళ్ళారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ రైతే తరువాత తమిళ సాహిత్యంలో 'కి.రా.'గా ప్రసిద్ధుడైన కి.రాజనారాయణన్.

కి.రా. కథ 'కదవు' (తలుపు) తెలియని తమిళ విద్యార్థి ఉండడు. ఒక పేద ఇంటి పిల్లలు తలుపు పట్టుకొని ఊగుతూ ఆడుకొంటారు. పన్ను బకాయికింద గ్రామోద్యోగులు ఆ తలుపును ఊడబెరికి పట్టుకుపోతారు. చలిగాలి ఇంట్లోకి వస్తుంది, పసివాడు దక్కడు. ఎక్కడో పారేసి ఉన్న ఆ తలుపు కంటబడితే పిల్లలు దాన్ని వాటేసుకొంటారు. ఇందులో ఉపన్యాసం లేదు, నినాదం లేదు. ప్రభుత్వమంటే పేదవాని ఇంటికి ఏ రూపంలో వస్తుందో ఒక చెక్కతలుపుతో చెప్పారు. వామపక్ష దృష్టి అంటే ఏమిటని అడిగేవారికి మేము సిద్ధాంత గ్రంథాలకన్నా ముందు ఈ కథను చదవమంటాము.

1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం' తెలుగుదేశంనుంచి దక్షిణానికి పారిపోయి వచ్చి, అడవి కాల్చి, రేగడి దున్ని ఊరు కట్టుకొన్న కుటుంబాల కథ. దాని తరువాయిగా వచ్చిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఆయన బాల్యమిత్రుడు, అదే ఊరివాడు కు.అళగిరిసామికి 1970లోనే మరణానంతరం ఆ పురస్కారం వచ్చింది. ఒక చిన్న పల్లె, ఇద్దరు తెలుగింటి మిత్రులు, రెండు అకాడెమీ పురస్కారాలు. రెండూ తమిళంలో రాసినందుకే. దీనిని గురించి బాధపడేవారు మనలో ఉన్నారు. మాకు మాత్రం బాధపడవలసిన విషయంగా తోచదు.

ఎన్నికల సంగతి క్లుప్తంగా చెప్పుకొందాం. కోవిల్‌పట్టి శాసనసభ స్థానంనుంచి సి.పి.ఐ. అభ్యర్థి ఎస్.అళగర్‌సామి 1967 మొదలు 1989 వరకు ఐదు సార్లు గెలిచారు. ద్రావిడ పార్టీల హోరులో ఇది మామూలు విషయం కాదు. కాని అదే కాలంలో జాతీయ రాజకీయాలు ఈ ఊరి కార్యకర్తలను ఇరుకున పెట్టాయి. 1964లో పార్టీ చీలింది. 1975లో అత్యవసర పరిస్థితిని సి.పి.ఐ. సమర్థించింది, సి.పి.ఎం. వ్యతిరేకించింది. ఢిల్లీలో తీసుకొన్న నిర్ణయానికి పల్లెలోని కార్యకర్త సంజాయిషీ చెప్పుకోవలసి రావడం వామపక్షానికి ఇక్కడా, ఆంధ్రలోనూ ఒకే తీరుగా అనుభవమైంది. గిట్టుబాటు ధరల కోసం రైతులను కూడగట్టిన కోయంబత్తూరు ప్రాంతపు నాయకుడు సి.నారాయణసామి నాయుడు 1984 డిసెంబరులో ఎన్నికల ప్రచారానికి వచ్చి కోవిల్‌పట్టిలోనే కన్నుమూశారు. ఆయన ఉద్యమం వామపక్షంలో పెద్ద చర్చ లేపింది. పత్తి ధర పెరిగితే పొలం ఉన్నవానికి లాభం. పత్తి ఏరే కూలికి ఏమిటి?

భాష విషయంలో కూడ ఒక సంఘటన చెప్పాలి. పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు ఉపవాసముండి ప్రాణాలు వదిలారని మనకందరికీ తెలుసు. విరుదునగర్‌లో శంకరలింగనార్ అనే గాంధేయవాది 1956 జులై 27న నిరాహారదీక్ష మొదలుపెట్టి అక్టోబరు 13న మరణించిన సంగతి తెలిసినవారు మనలో తక్కువ. మద్రాసు రాష్ట్రానికి 'తమిళనాడు' అని పేరు పెట్టాలన్నది ఆయన కోరికలలో ముఖ్యమైనది. మంత్రులు ఆడంబరం లేకుండా బతకాలన్నది మరొకటి. ఆ కోరికలు తీర్చని ప్రభుత్వం ఆయన పుట్టిన పార్టీదే. తన భౌతికకాయాన్ని కమ్యూనిస్టులకు అప్పగించాలని ఆయన కోరారు. పేరుమార్పు 1969 జనవరిలో అమలులోకి వచ్చింది. భాషా రాష్ట్రాల కోరికను కమ్యూనిస్టులు మొదటినుంచి బలపరిచారు, అక్కడ విశాలాంధ్ర అన్నా, ఇక్కడ తమిళనాడు అన్నా. ఈ రెండు గీతల మధ్య మిగిలిపోయిన మనవంటివారికి ఆ సిద్ధాంతంలో చోటు ఎక్కడో మాత్రం ఎవరూ వివరంగా చెప్పలేదు.

ఇక పత్రికలు. తమిళ కమ్యూనిస్టుల 'జనశక్తి' 1937లో పుట్టింది. అదే ఏడు తెలుగులో 'నవశక్తి' వచ్చింది. 'తీక్కదిర్' 1963లో మొదలైంది. సొంత పత్రిక ఎందుకంటే, పెద్ద పత్రిక యజమాని ఎవరో, ప్రకటన ఇచ్చేదెవరో చూసుకొని వార్త నడుస్తుందని వామపక్షం వాదన. ఈ వాదనకు అగ్గిపెట్టెల కథ మంచి ఉదాహరణ. 1920లలో శివకాశినుంచి ఇద్దరు నాడార్ యువకులు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చారు. వానలేని ఈ నేలకు అది ఉపాధి అయింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అంతటా పాకింది. పుల్లలు చట్రాలలో పేర్చడం, పెట్టెలు నింపడం ఆడవారూ పిల్లలూ చేశారు. లెక్కను బట్టి కూలి. తెల్లవారకముందే బస్సులు పల్లెలకు వచ్చి పిల్లలను తీసుకుపోయేవి. 1980లలో జాతీయ పత్రికలు ఈ పిల్లల ఫోటోలు వేసి దేశాన్ని కదిలించాయి. మంచి పనే. 1986లో చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క పిల్లకు యజమాని 20,000 రూపాయలు కట్టాలని తీర్పు చెప్పింది. కాని ఫోటో కింద రాయనిది ఒకటి ఉంది: ఆ పిల్ల తండ్రికి వచ్చే కూలి ఎంత? తల్లిదండ్రుల కూలి పెరగకుండా పిల్ల బడిలో నిలవదని కార్మిక సంఘాలు వాదించాయి. కూలి పెరిగేదాకా బడి ఆగనక్కరలేదని మరికొందరు. ఈ రెండో వాదనలో బలముందని మా అభిప్రాయం. మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా వ్యాపింపజేసిన కామరాజ్ ఈ విరుదునగర్ మనిషే కదా.

తూత్తుకుడిలో 2018 మే 22న స్టెరిలైట్ రాగి కర్మాగారానికి వ్యతిరేకంగా ఊరేగిన జనంమీద పోలీసులు కాల్పులు జరిపారు, 13 మంది మరణించారు. ఆ తరువాత మూడు జిల్లాలలో ఇంటర్నెట్ ఆపివేశారు. పోలీసులను జనం రెచ్చగొట్టకుండానే కాల్పులు జరిగాయని న్యాయమూర్తి అరుణా జగదీశన్ కమిషన్ నివేదిక 2022లో శాసనసభ ముందుకు వచ్చింది. నాలుగేళ్ళు! మొదటిరోజు వార్తను నమ్మినవారిలో ఎంతమంది ఆ నివేదిక చదివి ఉంటారు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కోవిల్‌పట్టి దగ్గరి పల్లెలో పుట్టిన మరో రచయిత పూమణి. ఆయన 'వెక్కై' నవల 1982లో వచ్చింది. దానిని ఆధారం చేసుకొని 2019లో తమిళంలో 'అసురన్', 2021లో తెలుగులో 'నారప్ప' సినిమాలు తీశారు. అంతకు ముందటి 'పిరగు' (1979) నవలలో కథానాయకుడు చెప్పులు కుట్టే అళగిరి. అరుందతియర్. ఈ కులంవారిలో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. 'గోపల్ల గ్రామం', 'పిరగు' ఒకే రేగడిమీద పుట్టిన నవలలు, మూడేళ్ళ తేడాతో వచ్చినవి. రెంటిలోనూ ఉన్నది ఇంట్లో తెలుగు మాట్లాడే కులాలే. ఒకటి భూమి దున్నుకొన్నవారి ఇల్లు, మరొకటి వారికి చెప్పులు కుట్టినవారి ఇల్లు. మన తెలుగు సంఘాల వేదికమీద మొదటి ఇంటివారు కనిపిస్తారు. రెండో ఇంటివారిని పిలిచిన ఆహ్వానపత్రం మేము చూడలేదు.

వర్గం సంగతి తేలితే కులం సంగతి తనంత తానే తేలుతుందని వామపక్షం చాలాకాలం నమ్మింది. ఆంధ్ర కమ్యూనిస్టుల నాయకత్వంలో కులం పాత్రను గురించి సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ 1956లోనే వ్యాసం రాస్తే దానికి కోపగించుకొన్నవారే ఎక్కువ. తమిళనాడులో ఆలస్యంగా అయినా మార్పు వచ్చింది. 2007లో అరుందతియర్ల ప్రత్యేక రిజర్వేషన్ కోసం సి.పి.ఎం. చెన్నైలో ఊరేగింపు జరిపింది. న్యాయమూర్తి జనార్థనం కమిటీ సిఫారసు తరువాత 2009లో దళితుల కోటాలో వారికి 3 శాతం కేటాయిస్తూ చట్టం వచ్చింది. ఆంధ్రలో 1994నుంచి మాదిగ దండోరా అడుగుతున్నదీ ఇదే. ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తిప్పివేసి వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ దానిని అమలులోకి తెచ్చింది. కోవిల్‌పట్టి అరుందతియర్ యువకుడు, వరంగల్లు మాదిగ యువకుడు ఒకరినొకరు ఎరుగరు. ఒకరు ఇంట్లో మాట్లాడే తెలుగు మరొకరికి సగమే అర్థం కావచ్చు. అయినా ఇద్దరి ఉద్యోగమూ ఒకే తీర్పుమీద ఆధారపడింది.

తమ ఊళ్ళో రెండో ఇంట మాట్లాడే తెలుగును, వారి పెద్దలు చెప్పే సమ్మె కథలను, అగ్గిపెట్టెల పని మాటలను రాసి తెచ్చే విద్యార్థులకు ఈ పత్రికలో చోటు ఉంటుంది. లిపి తమిళమైనా ఫరవాలేదు, మేము తెలుగులోకి ఎత్తి రాసుకొంటాము.