రాణి పట్టాభిషేకము – పిల్లలకు చెప్పుట



రాజచిహ్నములను గూర్చి పిల్లలకు బోధించుట సులభమని నేను చిరకాలము భ్రమపడితిని. కిరీటము, రాజదండము, గోళము, ఖడ్గము అని నల్లబల్లపై వరుసగా వ్రాసి, వాని యర్థము లెదుట వ్రాసినచో పాఠము ముగిసినదే యనుకొంటిని. నేను పనిచేసిన యొక పాఠశాలలో ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్తు పట్టాభిషేకమును ఇట్లే చెప్పుచుండగా, ముందు వరుసలోని బాలిక యొకతె లేచి, "మాస్టారూ, కిరీటము పెట్టకముందు ఆమె రాణి కాదా?" అని యడిగెను. "కూర్చుండి వ్రాసికొనుము" అంటిని. ఆమె వ్రాసికొనెను, మరల నెన్నడును ప్రశ్న వేయలేదు. పరీక్షలో చిహ్నము లన్నియు తప్పులేక వ్రాసెను. నిండు మార్కులు వేసిన చేయి నాదే.

ఇప్పుడు ఇంటి యరుగుపై మనుమలకును పొరుగు పిల్లలకును చెప్పునపుడు ఆ ప్రశ్నతోనే మొదలిడుచున్నాను. 1952 ఫిబ్రవరి 6వ తేదీన తండ్రి ఆరవ జార్జి మరణించినంతనే ఎలిజబెత్తు రాణి యయ్యెను. అప్పు డామె కెన్యా దేశమున నుండెను. తలపై కిరీటము లేదు. పట్టాభిషేకము 1953 జూన్ 2న లండనులోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో జరిగెను. అట్లయిన కిరీటము చేసిన పని యేమి? అధికారము నిచ్చుట కాదు. వచ్చిన యధికారమునకు అంటియున్న బాధ్యతను పదుగురి యెదుట చూపుట. కావుననే కిరీటధారణమునకు ముందు, ఆయా దేశముల చట్టములను ఆచారములను అనుసరించి పాలింతుననియు, తీర్పులలో దయతో గూడిన న్యాయము నడపుదుననియు ఆమె ప్రమాణము చేసెను. ఈ వరుసను పిల్లలకు తప్పక చెప్పవలెను: మాట ముందు, బంగారము తరువాత.

ఇక మన పదమునే విప్పి చూడుడు. పట్టమనగా నొసట గట్టునది, అభిషేకమనగా తడుపుట. ఆ దేశపు కర్మమునందును ఈ రెండును కలవు. అందు పరమపవిత్రమని వారెంచునది అభిషేకమే. నీటికి బదులు పరిమళతైలము. గ్రద్ద యాకారము గల బంగారు పాత్రనుండి తైలమును చెంచాలోనికి వంచి, కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఆమె చేతులకు, వక్షమునకు, శిరస్సునకు పూసెను. అప్పు డామె రాజవస్త్రమును నగలను విడిచి, సాదా తెల్లని యుడుపుతో పందిరి క్రింద కూర్చుండి యుండెను. అబ్బేలోని యుత్సవమును టెలివిజనులో చూపుట అదే ప్రథమము. అయినను ఈ ఘట్టమును మాత్రము చూపలేదు. ఆ చెంచా 12వ శతాబ్దమునాటిది. 1649లో రాజును శిరచ్ఛేదము చేసిన పిమ్మట పార్లమెంటువారు పాత కిరీటములను కరగించిరి గాని, చెంచా మిగిలినది. కిరీటముకంటె చెంచా పెద్దదని చెప్పిన పిల్లలు నవ్వుదురు, మరువరు. నేటి సెంట్ ఎడ్వర్డు కిరీటము 1661లో రెండవ చార్లెసు కొరకు చేసినది.

గోళమును చూపిన ప్రతి బాలుడును బంతి యనును. అననిండు. దానిపైని సిలువను చూపి, లోకము దైవాధీనమని వారి మతభావమని చెప్పిన చాలును. నాకు ప్రియమైన చిహ్నము మొనలేని ఖడ్గము. దానిని రాణి ముందు మోసికొని పోయిరి. "మొన లేని కత్తి యెందులకు తాతయ్యా?" అని పిల్లలే యడుగుదురు. శిక్షింపగలవా రయ్యును క్షమింపవలె ననుట కని చెప్పుదును.

మన పిల్లలు మరియొకటి తప్పక యడుగుదురు: కోహినూరు. అది మన కొల్లూరు గనులలో దొరికినదని ప్రతీతి. ఎలిజబెత్తు తలపై పెట్టిన కిరీటమున నది లేదు. 1937లో ఆమె తల్లికొరకు చేసిన కిరీటమున నున్నది. 1849లో పంజాబును గైకొన్న ఇంగ్లీషువారు, పదియేండ్ల బాలుడైన మహారాజు దులీపుసింగు చేత సంధిపత్రముపై ఒప్పుదల వ్రాయించుకొని దానిని తీసికొనిరి. పండుగ కథలో ఈ మాట యెందుకని కొందరు పెద్దలు నన్ను మందలించిరి. నే నంగీకరింపను. పదియేండ్లవాని కథ పదియేండ్లవారికి చెప్పకున్న మరి యెవరికి చెప్పుదుము?

కిరీటపు బరువు రెండు కిలోలకు మించును. మొన్న మా మనుమరాలి తలపై రెండు కిలోల బియ్యపు సంచి నుంచి, కథల పుస్తకము చేతికిచ్చి చదువుమంటిని. తల వంచబోయెను, సంచి జారెను. మరల నెత్తికెత్తుకొని, ఈసారి మెడ నిలువుగా నుంచి, పుస్తకమునే కన్నులయెదుటి కెత్తి చదువసాగెను. పార్లమెంటును ప్రారంభించునపుడు ధరించు తేలిక కిరీటముతో కూడ తల వంచి చదువుట కుదరదనియు, కాగితమునే పైకెత్తుకొనవలెననియు 2018లో ఎలిజబెత్తు రాణియే చెప్పినది. ఆ సంగతి నేను చెప్పగా, "నాకెవ్వరు చెప్పలేదు తాతయ్యా, నేనే కనిపెట్టితిని" అని పిల్ల పుట తిప్పెను.